సముద్రంలో గ్యాస్ ప్లాట్‌ఫామ్: మంట, లీకు, నీరు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ తవ్వకాలపై తీరప్రాంత పాఠకుల నుంచి, ప్లాట్‌ఫామ్‌ల మీద పనిచేసేవారి నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రాత్రిళ్ళు వేటకు వెళ్ళినప్పుడు ప్లాట్‌ఫామ్ మీద మంట కనిపిస్తూ ఉంటుంది. అంత గ్యాస్ ఊరికే ఎందుకు తగలబెడతారండీ? ఆర్పేస్తే కాలుష్యం తగ్గదా? – ఒక పాఠకుడు, ఉప్పాడ

జవాబు: ఆర్పేస్తే కాలుష్యం పెరుగుతుంది. ముందు మంట ఎందుకుందో చూద్దాం. పీడనం హద్దు దాటితే సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. నిప్పు అంటుకుంటే బ్లోడౌన్ వాల్వులు తెరుచుకుని, పాత్రల్లోనూ గొట్టాల్లోనూ ఉన్న గ్యాస్‌ను బయటికి వదిలేస్తాయి. 15 నిమిషాల్లో పీడనం డిజైన్ పీడనంలో సగానికి దిగాలన్నది సాధారణంగా పాటించే లెక్క. ఆ గ్యాస్ పోయి కాలిపోయే దారే ఫ్లేర్. ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు గనక దాన్ని అంటించే చిన్న పైలట్ మంటలు ఆరకుండా ఉంచుతారు. గొట్టంలోకి గాలి చొరబడకుండా కొద్దిగా పర్జ్ గ్యాస్ కూడా వదులుతూ ఉంటారు. అందుచేత చిన్న మంట కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పెద్ద మంట రోజుల తరబడి ఆగకుండా ఉంటే మాత్రం అడగాల్సిందే. కంప్రెసర్ ఆగిపోయి ఉండవచ్చు, లేదా మూసి ఉండాల్సిన వాల్వు లోపల గ్యాస్ జారిపోతూ ఉండవచ్చు.

ఇక లెక్క. ఒక కిలో మీథేన్ పూర్తిగా కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే కిలో కాలకుండా గాల్లో కలిస్తే, 20 ఏళ్ళ కాలానికి చూసినప్పుడు, దాదాపు 82 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఫ్లేర్‌లో 98 శాతం కాలిపోతుందని లెక్క కట్టడం పరిశ్రమలో ఆనవాయితీ. అది నిజమైతే ఫ్లేర్‌కు పోయిన ప్రతి 100 కిలోల మీథేన్‌కూ భారం 434 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అయితే అమెరికాలో నేల మీది చమురు క్షేత్రాలపై విమానాలతో కొలిచి 2022లో ప్రచురించిన పరిశోధనలో, మంట ఆరిపోయిన ఫ్లేర్‌లను కూడా కలుపుకుంటే, నాశనమయ్యేది 91 శాతమేనని తేలింది. ఆ లెక్కన భారం 988 కిలోలు, రెట్టింపు కంటే ఎక్కువ. కాలకుండా తప్పించుకునే ఆ కొద్ది శాతంలోనే అసలు నష్టం ఉంది.

సరిగా కాలకపోవడానికి ఒక కారణం నైట్రోజన్. పర్జ్‌కు గ్యాస్ బదులు నైట్రోజన్ వాడడం మంచిదే. అది మోతాదు మించితే మిశ్రమానికి మండే బలం చాలదు. గాలి గానీ నీటి ఆవిరి గానీ కలపని ఫ్లేర్‌లో మిశ్రమం ఉష్ణ విలువ ఘనపు మీటరుకు 7.45 మెగాజౌళ్ళకు తగ్గకూడదని అమెరికా నియమం. రెండోది ఈదురుగాలి: గ్యాస్ తక్కువగా పోతున్నప్పుడు అది మంటను పక్కకు లాగేసి, కాలని గ్యాస్‌ను ఎగరగొడుతుంది. నల్లటి పొగ వస్తుంటే బరువైన హైడ్రోకార్బన్లు పోతున్నాయని అనుమానించాలి. ఫ్లేర్‌కు ముందు ద్రవాన్ని వేరుచేసే నాకౌట్ డ్రమ్ములో మట్టం పెరిగి కండెన్సేట్ (గ్యాస్‌తో వచ్చే తేలికపాటి చమురు) చుక్కలు మంటదాకా వెళ్ళినా ఇదే జరుగుతుంది. పైలట్ దగ్గర వేడిని కొలిచే థర్మోకపుల్ చెడిపోతే మంట ఆరిన సంగతే కంట్రోల్ రూముకు తెలియదు. అందుకని థర్మోకపుల్ ఒక్కదాన్నే నమ్మకుండా ఫ్లేర్‌ను చూసే కెమెరా ఒకటి పెట్టాలి.

ప్రశ్న: ఉపగ్రహాలతో మీథేన్‌ను చూడగలుగుతున్నారు కదా. సముద్రంలో ప్లాట్‌ఫామ్‌ల లీకులు కూడా అలా దొరుకుతాయా? – ఒక డేటా ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: దొరుకుతాయి గానీ నేల మీద అంత సులువు కాదు. ఉపగ్రహం చూసేది భూమి మీద పడి తిరిగొచ్చే పొట్టి పరారుణ కాంతిని. నీరు ఆ కాంతిని దాదాపు అంతా పీల్చేసుకుంటుంది, దాంతో సముద్రం నల్లగా కనిపిస్తుంది. సూర్యకాంతి నీటి మీద అద్దంలా మెరిసే కోణంలో ఉపగ్రహం ఉన్నప్పుడే పని జరుగుతుంది. మెక్సికోలోని కాంపెచే తీరానికి దూరంగా ఉన్న జాప్-సి ప్లాట్‌ఫామ్ దగ్గర 2021 డిసెంబరులో అలాగే బయటపడింది. మంట ఆరిన ఫ్లేర్ నుంచి 17 రోజుల్లో సుమారు 40,000 టన్నుల మీథేన్ పోయిందని ఆ పరిశోధకుల అంచనా. అలాంటి భారీ ఘటనలకే ఉపగ్రహం పనికొస్తుంది. వాల్వు గ్లాండ్ (కాడ చుట్టూ ఉండే సీలు) దగ్గర గంటకు ఒకటి రెండు కిలోలు పోయే లీకును పట్టాలంటే మనిషి వెళ్ళాల్సిందే.

వెళ్ళినవాళ్ళు పరారుణ కెమెరాతో చుట్టూ చూసేసి ‘లీకుల్లేవు’ అని రాసేస్తే నమ్మకండి. బలమైన గాలి ఉన్నా, వాన పడుతున్నా, వెనకున్న వస్తువుకూ గ్యాస్‌కూ ఉష్ణోగ్రతలో తేడా లేకపోయినా ఆ కెమెరాకు చిన్న లీకు కనిపించదు. గాలి తగ్గిన వేళ చూసుకోవాలి, అనుమానం ఉన్నచోట సబ్బునీళ్ళు పట్టించాలి. లోపల జారే వాల్వు బయటికి ఏమాత్రం కనపడదు. దాని అవతలి గొట్టం చల్లబడి చెమర్చడం, మంచు పట్టడం మొదటి గుర్తు. చెవికి వినపడని శబ్దాన్ని పట్టే అల్ట్రాసోనిక్ పరికరంతో నిర్ధారించుకోవచ్చు. పాత సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లలో ఆయిల్ సీళ్ళుంటే వాటి డీగ్యాసింగ్ వెంటు (ఆయిల్‌లో కలిసిన గ్యాస్‌ను బయటికి వదిలే గొట్టం) తప్పకుండా కొలవాలి. ఒక్కో యంత్రం నుంచే నిమిషానికి 1 నుంచి 5 ఘనపు మీటర్లకు పైగా పోతుంది, అది లీకు జాబితాల్లో తప్పిపోవచ్చు. డ్రై గ్యాస్ సీళ్ళు బిగిస్తే ఇందులో చాలా భాగం ఆగిపోతుంది.

ప్రశ్న: గల్ఫ్‌లో ఒక ప్లాట్‌ఫామ్ మీద ప్రాసెస్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. గ్లైకాల్ రీజెనరేషన్ వెంటు దగ్గర ఘాటైన వాసన. వెంటును ఫ్లేర్‌కు కలిపే ప్రాజెక్టు వచ్చే ఏడాదికి పెట్టారు. ఈలోపు నా చేతిలో ఏముంది సార్? – ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: చాలానే ఉంది. ముందుగా మీ ఆరోగ్యం: ఆ వాసనలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. వెంటుకు గాలివాలున నిలబడవద్దు. శాంపిల్ తీసేటప్పుడు ఆర్గానిక్ ఆవిరికి సరిపోయే కార్ట్రిడ్జి మాస్కు వాడండి.

గ్యాస్‌లోని తేమను తీసే ద్రవమైన గ్లైకాల్ నీటితోబాటు మీథేన్‌నూ, బెంజీన్ జాతి పదార్థాలనూ పీల్చుకుంటుంది. గ్లైకాల్‌ను మళ్ళీ వాడడానికి మరిగించే రీబాయిలర్‌లో వేడి తగలగానే అవన్నీ పైకి పోతాయి. ఎంత గ్లైకాల్ తిరిగితే అంత మీథేన్ పోతుంది. క్షేత్రం పాతబడి గ్యాస్ తగ్గినా పంపు మాత్రం మొదటి రోజు పెట్టిన వేగంతోనే తిరుగుతూ ఉండడం చాలా ప్లాట్‌ఫామ్‌ల మీద చూసే తప్పు. మీరు కాగితం తీసుకుని లెక్క వెయ్యండి. రోజుకు 10 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్, 70 బార్ పీడనం, 38 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకుందాం. అందులో ఘనపు మీటరుకు సుమారు 0.95 గ్రాముల నీరుంటుంది. దాన్ని 0.11 గ్రాములకు దించాలంటే రోజుకు 840 కిలోల నీరు తీయాలి. కిలో నీటికి 25 లీటర్ల గ్లైకాల్ చొప్పున నిమిషానికి 15 లీటర్లు చాలు. మీ పంపు 30 తిప్పుతుంటే సగం పని దండగ, కాలుష్యం రెట్టింపు. ఒక జాగ్రత్త: పీడనం తగ్గితే గ్యాస్‌లో నీటి శాతం పెరుగుతుంది, కాబట్టి ఈనాటి పీడనం, ఉష్ణోగ్రతలతోనే లెక్క కట్టండి.

పంపును ఒక్కసారిగా తగ్గించకండి. షిఫ్టు ఇన్‌ఛార్జి అనుమతితో 10 శాతం తగ్గించి, కొన్ని గంటలు ఆగి, డ్యూ పాయింట్ (గ్యాస్‌లోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) నిలకడగా ఉందో లేదో చూసి మళ్ళీ 10 శాతం తగ్గించండి. టవర్‌లో ట్రేలు, ప్యాకింగ్ తడవడానికి కావలసిన కనీస ప్రవాహం తయారీదారు పత్రంలో ఉంటుంది. దానికి దిగువకు పోవద్దు. డ్యూ పాయింట్ మీటరు సరిగా ఉందో లేదో ముందే పరీక్షించుకోండి, లేకపోతే ఈ పనంతా చీకట్లో చేసినట్టే.

తర్వాత రీబాయిలర్‌కు ముందుండే ఫ్లాష్ ట్యాంకు చూడండి. 3 నుంచి 5 బార్‌ల మధ్య నడిపితే గ్లైకాల్‌లో కలిసిన మీథేన్‌లో దాదాపు 90 శాతం అక్కడే విడిపోతుంది, దాన్ని ఇంధనంగా వాడుకోవచ్చు. అక్కడి లెవెల్ కంట్రోల్ వాల్వు సరిగా మూసుకోకపోతే మట్టం పడిపోయి గ్యాస్ నేరుగా రీబాయిలర్‌కు దూసుకుపోతుంది. వాసన ఒక్కసారిగా పెరిగిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. గ్లైకాల్‌లో మిగిలిన నీటిని తరిమేసే స్ట్రిప్పింగ్ గ్యాస్ వాల్వును ఎప్పుడో తెరిచి మరిచిపోయారేమో చూడండి. రీబాయిలర్ ఉష్ణోగ్రత 204 డిగ్రీలు దాటితే గ్లైకాల్ విరిగిపోయి ఆమ్లంగా మారుతుంది, గొట్టాలను తినేస్తుంది. రీబాయిలర్ మీది స్టిల్ కాలమ్ పైభాగం సుమారు 100 డిగ్రీల దగ్గర ఉండాలి. బాగా పెరిగితే గ్లైకాల్ కూడా ఆవిరై పోతున్నట్టు. ఇవన్నీ చేసినా డ్యూ పాయింట్ ఎగుడుదిగుడుగా ఉంటే లోపం ముందున్న ఇన్‌లెట్ స్క్రబ్బర్‌లో (గ్యాస్ నుంచి ద్రవాన్ని వేరుచేసే పాత్రలో) ఉండవచ్చు. కండెన్సేట్ దాటి వచ్చి గ్లైకాల్‌ను నురగలు కక్కిస్తుంది. మూత విప్పి డెమిస్టర్ ప్యాడ్ (చుక్కలను పట్టే జాలి) చూడమని వచ్చే షట్‌డౌన్ జాబితాలో రాయించండి.

ప్రశ్న: రిగ్గుల నుంచి వదిలే నీళ్ళ వల్ల చేప పోతోందని మావాళ్ళంతా అంటున్నారు. దగ్గరకు పోనివ్వరు. మేము ఎలా తెలుసుకోవాలి? – ఒక మత్స్యకారుడు, అంతర్వేది

జవాబు: ప్లాట్‌ఫామ్ చుట్టూ 500 మీటర్ల భద్రతా మండలం అంతర్జాతీయ సముద్ర చట్టంలోనే ఉంది. వలలు, లంగర్లు గొట్టాలకు తగలకుండా అది అవసరం. చేప తగ్గడానికి కారణాలు ఎన్నో ఉండవచ్చు, నీటి లెక్కలు చూడకుండా ఎవరూ ఔననీ కాదనీ చెప్పకూడదు. ఆ లెక్కలు అడిగే హక్కు మాత్రం మీకుంది.

గ్యాస్‌తోబాటు భూగర్భం నుంచి ఉప్పునీరు వస్తుంది. అందులో చమురు, కరిగిన బెంజీన్ లాంటివి, ప్లాట్‌ఫామ్ మీద కలిపిన రసాయనాలు ఉంటాయి. మన కోనసీమ ఎదుట ఉన్న రవ్వ క్షేత్రంలో లాగా బావి నుంచి వచ్చిందంతా ఒడ్డుకు తెచ్చి శుద్ధి చేసే పద్ధతి ఉంది, సముద్రంలోనే శుద్ధి చేసి వదిలే పద్ధతీ ఉంది. సముద్రంలో వదిలితే మన దేశపు నియమం ఇది: రోజుకు 8 గంటలకొకటి చొప్పున మూడు శాంపిళ్ళు తీసి సగటు కట్టాలి. చమురు లీటరుకు 40 మిల్లీగ్రాములు మించకూడదు, నూటికి 95 పరీక్షల్లో ఇది పాటించాలి. 100 మిల్లీగ్రాములు ఎన్నడూ దాటకూడదు. మంచినీళ్ళు, సముద్రపు నీళ్ళు కలిపి పలచన చేసి చూపించడం కుదరదు. ఈశాన్య అట్లాంటిక్ దేశాలు పాటించే హద్దు నెలసరి సగటు 30 మిల్లీగ్రాములు. మనదీ అక్కడికి దిగాలని మా గట్టి అభిప్రాయం, ఆ పనిచేసే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి.

అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికించండి. సగటు అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే మూడు శాంపిళ్ళ రోజువారీ పట్టిక అడగండి.

నీటి మీద చమురు తెట్టు కనిపిస్తే సమయం, జీపీఎస్ అంకెలు, గాలి దిశ, తెట్టు పొడవు వెడల్పులు, రంగు రాసుకోండి. రంగును బట్టే పరిమాణం తెలుస్తుంది. వెండిలా తళుక్కుమంటే చదరపు కిలోమీటరుకు 40 నుంచి 300 లీటర్లు. ఇంద్రధనుస్సు రంగులుంటే 300 నుంచి 5,000 లీటర్లు. ఎత్తు నుంచి ఫొటో తీస్తే మేలు. వెంటనే కోస్ట్ గార్డ్ 1554కు చెప్పండి. కండెన్సేట్ కొన్ని గంటల్లోనే చాలావరకు ఆవిరైపోతుంది, ఒడ్డుకు వచ్చాక చెబుదామంటే చూపించడానికి ఏమీ మిగలదు. తెట్టులోకి బోటు పోనివ్వకండి, పొయ్యి, బీడీ ఆర్పేయండి.

ప్రశ్న: ప్లాట్‌ఫామ్ వంటింటి చెత్త సముద్రంలో వెయ్యొచ్చా? – ఒక కేటరింగ్ ఉద్యోగి, కాకినాడ

జవాబు: తీరానికి 12 నాటికల్ మైళ్ళకు మించిన దూరంలో ఉంటే, 25 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడలోంచి దిగేంత చిన్నగా గ్రైండ్ చేసిన ఆహార వ్యర్థాలు మాత్రమే వెయ్యొచ్చు. అంతకన్నా దగ్గరైతే అదీ వద్దు. వాడిన నూనె, ప్లాస్టిక్, బూడిద, డబ్బాలు ఎంత దూరంలో ఉన్నా ఒడ్డుకు పంపాల్సిందే. గ్రైండర్ చెడిపోయిన రోజున ఆహార వ్యర్థాలను కూడా మూత ఉన్న డ్రమ్ములో వేసి, చెత్త రికార్డు పుస్తకంలో రాసి సప్లై బోటు ఎక్కించండి.