ఇంజెక్షన్ బండి మైలేజీ తగ్గితే రీమ్యాప్ చేయించాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం వైపు తరచూ వెళ్లే మీ 400 సీసీ ఫ్యూయల్ ఇంజెక్షన్ టూరింగ్ బండి కొత్తలో లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 24 దాటడం లేదు, మధ్యలో సైలెన్సర్ మార్పించారు, ఈసీయూ (ఇంజనుకు ఎంత పెట్రోలు పోయాలో నిర్ణయించే కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే, అంటే అందులోని ఇంధన పట్టికను మార్పిస్తే, మైలేజీ తిరిగి వస్తుందని మెకానిక్ చెప్పాడు, చేయించవచ్చునా? మైలేజీ కోసమే అయితే చేయించవద్దు. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చూడాలో నా బండి అనుభవంతో చెబుతాను.

నేను కోరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాను. అత్తవారి ఊరు సాలూరు దగ్గర కాబట్టి నెలకు రెండుసార్లైనా సెమిలిగుడ, సుంకి మీదుగా ఘాట్ దిగి మళ్లీ ఎక్కుతాను. నాది 373 సీసీ, సింగిల్ సిలిండర్, లిక్విడ్ కూల్డ్ బండి. మూడేళ్ల క్రితం చలికాలంలో దాని మైలేజీ 31 నుంచి 26కు పడిపోయింది. అప్పుడు నేను రీమ్యాప్ కాదు గానీ, దానికి తమ్ముడనదగిన పిగ్గీబ్యాక్ డబ్బా (ఈసీయూ ఇంజెక్టర్‌కు పంపే సంకేతాన్ని మధ్యలో మార్చేది) ఒకదాన్ని కొని ఇంజెక్టర్ వైర్ల మధ్య పెట్టించాను. మొదటి రెండు ట్యాంకులకు కాస్త లాభం కనబడింది. డబ్బు పెట్టిన మనిషి ఆ వారం యాక్సిలేటర్‌ను ఎంత సుకుమారంగా తిప్పుతాడో అందరికీ తెలిసిన సంగతే. మూడో ట్యాంకుకు మళ్లీ 26.

ఆ డబ్బా ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవాలంటే కార్బురేటర్ రోజుల అలవాటును పక్కన పెట్టాలి. కార్బురేటర్ బండికి స్క్రూ తిప్పి మిశ్రమాన్ని కాస్త లీన్ చేస్తే (పెట్రోలు పాలు తగ్గిస్తే) నిజంగానే పెట్రోలు తగ్గేది, ఎందుకంటే ఆ తరువాత దాన్ని సరిదిద్దేవారు ఎవరూ లేరు. ఇంజెక్షన్ బండిలో సరిదిద్దేవాడు ఉన్నాడు. సైలెన్సర్ బెండు పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్, కాలిపోయి బయటకు వచ్చే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, మిశ్రమం రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉందో లీన్‌గా ఉందో ఈసీయూకు నిరంతరం చెబుతూ ఉంటుంది. ఈసీయూ ఆ మాట విని, శుద్ధమైన పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, 1 పాలు ఇంధనం అనే నిష్పత్తి దగ్గరే మిశ్రమాన్ని నిలబెడుతుంది. ఒకే వేగంతో సాఫీగా సాగుతున్నంతసేపూ జరిగేది ఇదే. మధ్యలో మనం పెట్టిన డబ్బా ఇంధనం తగ్గిస్తే, సెన్సర్ అది చూసి చెబుతుంది, ఈసీయూ తగ్గినంతా తిరిగి కలుపుతుంది. యాక్సిలేటర్ గట్టిగా తిప్పినప్పుడు మాత్రమే ఈసీయూ సెన్సర్ మాట పక్కన పెట్టి, తన పట్టికలో ఉన్న రిచ్ మిశ్రమాన్ని ఇస్తుంది. రీమ్యాప్ చేసేవారు ముఖ్యంగా మార్చేది ఆ భాగాన్నే, అదీ పికప్ కోసం. ఆక్సిజన్ సెన్సర్‌ను తప్పించి అంతటా లీన్ చేసేవారూ ఉన్నారు గానీ, ఎండాకాలం రెండో గేరులో ఘాట్ ఎక్కుతూ ఇంజను నాకింగ్ కొట్టడం (లోపల మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలుపెడితే, మిగిల్చిన పెట్రోలు డబ్బు పిస్టన్‌కు కూడా చాలదు.

నా బండి అసలు జబ్బు విశాఖలో ఒక కుర్రాడు ఈసీయూలోని అంకెలు చదివే స్కానర్ తగిలించి చూసినప్పుడు బయటపడింది. 80 వేగంతో అరగంట నడిపి వచ్చిన ఇంజనులో కూలెంట్ ఉష్ణోగ్రత 61 డిగ్రీలు చూపిస్తోంది. థర్మోస్టాట్ తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోయింది. ఇంజను కాగేవరకూ మూసి ఉండి, సాధారణంగా 80 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవలసిన ఆ చిన్న కవాటం ఎప్పుడూ తెరిచే ఉండడం వల్ల, కోరాపుట్ మంచులో రేడియేటర్ ఇంజనును వేడెక్కనివ్వలేదు. ఈసీయూ మాత్రం ఇది ఇప్పుడే స్టార్ట్ చేసిన చల్లని ఇంజను అనుకుని దారి పొడుగునా అదనపు పెట్రోలు పోస్తూ వచ్చింది. ఆనవాళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మైలేజీ తనంతట తానే కొంత కోలుకునేది. ఆయిల్ మార్చినప్పుడు పాత ఆయిల్లో పెట్రోలు వాసన వచ్చేది. మీటరులో ఉష్ణోగ్రత గీతలు సగానికి ఎప్పుడూ రాలేదు. ఇంజను చల్లగా ఉంటే మంచిదేగదా అనుకుని నేను సంతోషించాను కూడా. కొత్త థర్మోస్టాట్ ఖరీదు ఆ డబ్బా ఖరీదులో పదో వంతు లేదు. మార్చాక మొదటి ట్యాంకుకే 30 వచ్చింది.

కాబట్టి ఇంజెక్షన్ బండి ఉన్నట్టుండి ఎక్కువ తాగుతోందంటే, ఈసీయూకు ఎవరో అబద్ధం చెబుతున్నారని మొదట అనుమానించాలి. మీ బండి విషయంలో నా అనుమానం సైలెన్సర్ మీద ఉంది. మీరు మార్చింది చివరి డబ్బా మాత్రమే అయితే ఆ అతుకు సెన్సర్ దాటిన తరువాత దూరంగా ఉంటుంది కాబట్టి అనుమానం తక్కువే. ఇంజను దగ్గరి నుంచి బెండు పైపుతో సహా మార్చి, పాత గాస్కెట్‌నే (అతుకులో సందు లేకుండా మూసే రింగునే) మళ్లీ వేసి బిగించి ఉంటే మాత్రం అక్కడే చూడండి. సింగిల్ సిలిండర్ బండిలో పొగ ఒక్కొక్క దెబ్బగా బయటకు వస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య పైపులో ఒత్తిడి పడిపోయి, అతుకులో సందు ఉంటే బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి మిశ్రమం లీన్‌గా ఉందని చెబుతుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. పొద్దున్నే చల్లని ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే అతుకు చుట్టూ సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అతుకు పక్కన నల్లని మసి చార ఉన్నా, యాక్సిలేటర్ వదిలినప్పుడు పటపటమని శబ్దం వస్తున్నా అది కూడా సాక్ష్యమే. సెన్సర్ వైరు సైలెన్సర్‌కు ఆనుకుని కాలిందేమో కూడా ఒకసారి చూడండి.

ఇక మీ 24 అనే అంకె ఎలా వచ్చిందో మీరు రాయలేదు. మీటరు చూపించే సగటును నమ్మవద్దు. ఒకే బంకులో, బండిని ఒకే స్టాండు మీద నిలిపి, పంపు తనంతట తాను ఆగిన చోటే ఆపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, తిరిగి అదే బంకుకు వచ్చి నింపి లెక్క వేయండి. మా వైపు వారికి ఇందులో ఒక చిక్కు ఉంది: కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, సాలూరు కొండ కింద ఉంది. దిగేటప్పుడు లెక్క వేసినవాడు తన బండి 38 ఇస్తోందని చెబుతాడు, ఎక్కేటప్పుడు వేసినవాడు బండి అమ్మేస్తానంటాడు. రానూ పోనూ కలిపి చూస్తేనే అది మైలేజీ.

ఆంధ్రాలో కంటే ఒడిశాలో పెట్రోలు ధర తక్కువ కాబట్టి సరిహద్దు దాటే ముందు మనవాళ్లందరూ ట్యాంకును మూత దాకా నింపిస్తారు, నేనూ నింపించేవాడిని. బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. మెడ దాకా నింపితే ఆవిరికి బదులు పెట్రోలే అందులోకి దిగి, అక్కడి నుంచి ఇంజనులోకి లాగబడి మిశ్రమాన్ని రిచ్ చేస్తుంది. పది రూపాయలు మిగుల్చుకోబోయి ఇంకొక దారిలో పోగొట్టుకోవడం అన్నమాట.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దీనికంతటికీ కారణమని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి, ఇరవై శాతం కలిపితే లీటరుకు సుమారు 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. ఆ లెక్కన 30 ఇచ్చే బండి 28 ఇవ్వాలి. మిగిలిన నాలుగు కిలోమీటర్లు ఎక్కడ పోయాయన్నదే మీరు వెతకవలసిన ప్రశ్న.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే కార్బురేటర్ బండి రిచ్‌గా కొట్టినట్టు ఇంజెక్షన్ బండి కొట్టదు, లోపలికి వచ్చిన గాలిని కొలిచి దానికి తగినంతే పోస్తుంది. కానీ మన ఎర్రమట్టి దుమ్ములో దాన్ని కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చడం మంచిది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, చైను గార్డు దగ్గరి స్టిక్కరులో రాసినంత ఉండాలి. వెనుక చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పి బ్రేకు పట్టుకుంటోందేమో చూడడానికి ఒక నిమిషం చాలు. చైను మరీ బిగుతుగా ఉన్నా నష్టమే.

వేగం సంగతి ఎవరికీ నచ్చదు గానీ చెప్పక తప్పదు. గాలి నిరోధం వేగం వర్గానికి తగినట్టు పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళితే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రెండు పక్కలా పెట్టెలు, వెనుక టాప్ బాక్సు బిగించి ఉంటే ఇంకా ఎక్కువ. ఒట్టి పెట్టెలను ఊళ్లో కూడా మోసుకు తిరగడం మానుకున్నాక నాకు ఒకటిన్నర కిలోమీటరు కలిసివచ్చింది.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేసి ఇంజను ఆపే అలవాటు మీకు ఉంటే ఈ రోజుతో మానండి. గేరులో ఉండి యాక్సిలేటర్ పూర్తిగా వదిలితే, ఇంజను వేగం ఐడిలింగ్ దగ్గరకు పడేవరకూ ఈసీయూ ఇంజెక్టర్‌ను మూసే ఉంచుతుంది, అంటే ఆ కాసేపు చుక్క పెట్రోలు పోదు. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను ఆరిపోకుండా ఉండడానికి పోయవలసి వస్తుంది. ఇంజను ఆపితే ఏబీఎస్ ఉండకపోవచ్చు, ఇంజను బ్రేకింగ్ ఎలాగూ ఉండదు, సుంకి దగ్గర ఎదురుగా పైకి వచ్చే లారీలు మాత్రం ఉంటాయి.

ముందుగా బెండు పైపు గాస్కెట్ సంగతి తేల్చుకోండి. అక్కడ ఏమీ లేకపోతే స్కానర్ ఉన్నవారి దగ్గర బండిని బాగా కాగనిచ్చి, కూలెంట్ ఉష్ణోగ్రత ఎంతో, ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ 0.1, 0.9 మధ్య ఎగిరిపడుతోందో, ఒకే చోట నిలిచిపోయిందో రాసుకుని రండి. ఆ రెండు అంకెలు ఇక్కడ రాస్తే, తరువాత ఏం విప్పాలో చెప్పగలను.