న్యాయ సందేహాలు: అమెరికా నుంచి వచ్చిన కోర్టు కాగితం

ప్రశ్న: ఒక హత్య కేసు న్యూయార్కు సుప్రీంకోర్టులో విచారణకు వచ్చిందని పత్రికలో చదివాను. సుప్రీంకోర్టు ఉండేది వాషింగ్టన్‌లో కదా? అమెరికాకు అసలు ఎన్ని సుప్రీంకోర్టులు? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: మీరు చదివినదీ నిజమే, మీకు తెలిసినదీ నిజమే. న్యూయార్కు రాష్ట్రంలో కింది స్థాయి విచారణ కోర్టునే సుప్రీంకోర్టు అంటారు. ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం పేరు కోర్ట్ ఆఫ్ అపీల్స్. టెక్సస్‌లో పై కోర్టులే రెండు, సివిల్ వ్యాజ్యాలకు ఒకటి, క్రిమినల్ కేసులకు ఇంకొకటి. కనుక పేరును బట్టి హోదాను అంచనా వేయకండి.

మన దేశంలో కోర్టులన్నీ ఒకే నిచ్చెనకు మెట్లు. ఒంగోలులో మొదలైన పొలం గట్టు తగాదా జిల్లా కోర్టునూ హైకోర్టునూ దాటి ఢిల్లీ దాకా పోగలదు. అమెరికాలో నిచ్చెనలు రెండు. ప్రతి రాష్ట్రానికీ సొంత శిక్షాస్మృతి, సొంత కోర్టులు ఉంటాయి. వాటి పక్కనే 94 ఫెడరల్, అంటే కేంద్ర, జిల్లా కోర్టులు, వాటిపైన 13 అప్పీలు కోర్టులు, అన్నిటికీ పైన తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ఉంటాయి. 1787లో రాసుకున్న రాజ్యాంగం కేంద్రానికి అప్పగించిన అధికారాలు పోగా మిగిలినవన్నీ రాష్ట్రాలవే కాబట్టి హత్య, దొంగతనం, విడాకులు, అద్దె తగాదా వంటివి చాలావరకు రాష్ట్ర కోర్టుల్లోనే తేలిపోతాయి. వలస, దివాలా, పేటెంట్లు కేంద్రం పరిధిలోకి వస్తాయి. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో ఆ రాష్ట్రపు పై కోర్టుదే చివరి మాట. రాజ్యాంగమో ఫెడరల్ చట్టమో ముడిపడి ఉంటేనే వాషింగ్టన్ దాకా వెళ్లే వీలుంటుంది, వెళ్లినా ఏటా వచ్చే వేల పిటిషన్లలో అక్కడ పూర్తి విచారణకు తీసుకునేవి వందలోపే.

ఫెడరల్ న్యాయమూర్తులను అధ్యక్షుడు సెనేట్ సమ్మతితో నియమిస్తాడు, వారికి పదవీ విరమణ వయసంటూ లేదు. చాలా రాష్ట్రాల్లో మాత్రం జడ్జీలను ఓటర్లే ఎన్నుకుంటారు; టెక్సస్ బ్యాలెట్‌లో జడ్జి పేరు పక్కన పార్టీ పేరు కూడా ఉంటుంది. ఈ పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చి ఏడాదైంది. మొన్న జ్యూరీ సమన్లు వచ్చాయట. ఏ తప్పూ చేయని పిల్లవాడికి కోర్టు కాగితం రావడమేమిటండీ? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, కంగారు పడకండి. మీ అబ్బాయిని పిలిచింది ముద్దాయిగా కాదు, తీర్పరిగా. కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందాన్నే జ్యూరీ అంటారు. నేర విచారణలో జ్యూరీ కోరే హక్కును అక్కడి రాజ్యాంగమే ఇచ్చింది. 1791లో చేరిన సవరణ ఒకటి ఇరవై డాలర్లు మించిన సివిల్ దావాకు కూడా ఫెడరల్ కోర్టులో జ్యూరీని కోరవచ్చంటుంది, ఆ ఇరవై డాలర్ల లెక్కను ఇప్పటివరకూ ఎవరూ మార్చలేదు.

మీ అబ్బాయి ముందుగా సమన్లు పంపింది కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టా, ఫెడరల్ కోర్టా అన్నది చూసుకోవాలి. చెప్పిన రోజున వెళితే పెద్ద హాల్లో పదుల మందితో కూర్చోబెడతారు, కొన్నిసార్లు సాయంత్రం దాకా పేరే పిలవరు. పిలిస్తే జడ్జి, ఇరుపక్షాల లాయర్లు ప్రశ్నలడుగుతారు: మీ ఇంట్లో పోలీసులున్నారా, మీ ఇంట్లో ఎప్పుడైనా దొంగతనం జరిగిందా, పోలీసు సాక్ష్యం అనగానే నమ్ముతారా అని. నిష్పక్షపాతంగా ఉండలేరనుకున్నవారిని పంపేస్తారు. కారణం చెప్పకుండా కొందరిని వద్దనే వీలు కూడా లాయర్లకు చాలాచోట్ల ఉంది, కానీ జాతిని చూసి వద్దనకూడదని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. ఎంపికైతే కేసు సంగతి ఇంట్లో భార్యతో కూడా మాట్లాడకూడదు. తీవ్రమైన నేరమైతే జ్యూరీ సభ్యులందరూ ఒక్కమాట మీదికి వస్తేనే దోషి అనగలరు. ఈ నియమం 2020 నుంచి అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తోంది. ఫెడరల్ కోర్టు రోజుకు 50 డాలర్లు ఇస్తుంది.

జ్యూరీ మనకూ ఉండేది. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతిని హత్య కేసులో జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అనగా హైకోర్టు ఆ మాటను తోసిపుచ్చింది. 1973 నాటి నేర ప్రక్రియా స్మృతిలో జ్యూరీకి చోటే లేకుండా పోయింది.

ఇక రెండు జాగ్రత్తలు. డ్రైవింగ్ లైసెన్సు జాబితాల నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి గ్రీన్‌కార్డు, హెచ్1బి వారికి కూడా సమన్లు రావచ్చు. అటువంటివారు పౌరులం కామని ఫారంలో రాసి తప్పక తిప్పి పంపాలి, పొరపాటున పౌరుణ్ణని రాస్తే తర్వాత పెద్ద చిక్కు. అలాగే జ్యూరీకి రాలేదు కనుక అరెస్టు చేస్తాం, డబ్బు కట్టమని ఫోన్ వస్తే అది మోసమే. కోర్టులు అలా ఫోన్ చేసి డబ్బు అడగవు.

ప్రశ్న: భార్యాభర్తల గొడవలో మా తమ్ముణ్ణి అక్కడి పోలీసులు అరెస్టు చేశారు. కేసు వెనక్కి తీసుకుంటానని మా మరదలే అంటున్నా వినడం లేదు. (ఒక అన్న, కరీంనగర్)

జవాబు: కేసు కాగితం పైన చూడండి. ఒకవైపు మీ తమ్ముడి పేరు, రెండోవైపు రాష్ట్రం పేరు ఉంటాయి; మీ మరదలి పేరు ఉండదు. అక్కడ కేసు నడపాలా మానాలా అన్నది ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) ఇష్టం, ఆవిడ కేవలం సాక్షి. పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చి, ఇద్దరూ హైకోర్టుకు వెళ్లి కొట్టివేయించుకునే మన పద్ధతి అక్కడ పనికిరాదు. భార్య దగ్గరకు వెళ్లవద్దని జడ్జి ఉత్తర్వు ఇచ్చి ఉంటే, ఆవిడే పిలిచినా అతడు ఇంటికి వెళ్లకూడదు. వెళితే అది ఇంకో కేసవుతుంది. రాజీపడమని మీరెవరూ ఆమెను ఒత్తిడి చేయకండి, అది సాక్షిని బెదిరించడంగా మారుతుంది.

లాయరు లేకుండా పోలీసులతో మాట్లాడవద్దని అతడికి చెప్పండి. మౌనంగా ఉండే హక్కును 1966లోనే సుప్రీంకోర్టు స్థిరపరచింది. అక్కడ చాలా కేసులు విచారణ దాకా రావు, నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామన్న ఒప్పందంతోనే ముగుస్తాయి. వీసా మీద ఉన్నవాడికి అసలు ప్రమాదం అక్కడే ఉంది. జైలు తప్పిందని సంబరపడి సంతకం చేస్తే, గృహహింస నేరం కింద దేశం నుంచే పంపేయవచ్చు. ఈ సంగతి ముందే చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతని 2010లో తీర్పు వచ్చింది కనుక, సంతకానికి ముందు వలస చట్టం తెలిసిన లాయరును కూడా అడగాలి. వలస కోర్టు అమెరికా న్యాయశాఖ కింద పనిచేస్తుంది, అక్కడ ఖర్చు భరించలేనివారికి ప్రభుత్వం లాయరును పెట్టదు.

ప్రశ్న: అల్లుడు అమెరికా కోర్టులో విడాకులకు వేశాడు, అమ్మాయి ఇక్కడ ఉంది. ఆ విడాకులు ఇక్కడ చెల్లుతాయా? (ఒక తండ్రి, హైదరాబాదు)

జవాబు: అక్కడ విడాకులు రాష్ట్ర చట్టం కింద నడుస్తాయి, కొన్నాళ్లు ఆ రాష్ట్రంలో ఉన్నవారెవరైనా వేయవచ్చు. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు పత్రం) తెచ్చుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని మన సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. భార్య ఇష్టపూర్వకంగా హాజరై మన వివాహ చట్టం ఒప్పుకునే కారణం మీద వాదించినప్పుడో, ఇద్దరూ అంగీకరించినప్పుడో మాత్రం చెల్లవచ్చు. అలాగని నోటీసును బీరువాలో పడేయకండి. మీరు పలకకపోతే అక్కడి ఇల్లు, బ్యాంకు ఖాతాల సంగతి అల్లుడు చెప్పినట్టే తేలిపోవచ్చు. జవాబు గడువు నోటీసులోనే ఉంటుంది. అది దాటకముందే, కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదని చెబుతూ ఆ రాష్ట్రపు లాయరు ద్వారా సమాధానం వేయించండి.