ఇటలీ పల్లె భోజనంలో వైన్ ఏ పని చేస్తుంది: సియెనా దగ్గర రెండేళ్ల అనుభవం

ఇటలీ పల్లెల్లో ఇళ్లలో వండుకునే సాదా భోజనం ఎలా ఉంటుంది, దానితో ఏ వైన్ తాగుతారు, మాంసం తినని తెలుగువారికి అందులో ఏమైనా దొరుకుతుందా అని మీరు అడిగారు. నేను సియెనా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రెండేళ్లూ, నగరంలో అద్దె భరించలేక, దక్షిణాన బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక పల్లెలో, ఒక వృద్ధ దంపతుల ఇంటి మేడమీద ఉన్నాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం వారితోనే చేసేవాణ్ణి. ఇటలీలోని ఇరవై ప్రాంతాల్లో ఒక్కొక్కదాని వంట ఒక్కొక్క తీరుగా ఉంటుంది కాబట్టి, ఈ జవాబు ప్రధానంగా నేను తిని ఎరిగిన టస్కనీ గురించే, అంటే సియెనా ఉన్న మధ్య ఇటలీ ప్రాంతం గురించే ఉంటుంది.

నాకు చాలా ఆలస్యంగా అర్థమైన విషయాన్ని ముందుగా చెబుతాను. మన భోజనంలో పులుపు విస్తట్లోనే ఉంటుంది. చింతపండు, గోంగూర, మామిడికాయ, నిమ్మ, చివరికి మజ్జిగ, ఏదో ఒక రూపంలో అది లేకుండా మనకు ముద్ద దిగదు. టస్కనీ రైతు కంచంలో పులుపు చాలావరకు కనిపించదు. చిక్కుడు గింజలు, ఆకుకూర, ఉప్పు వేయని రొట్టె, పైన ధారగా పోసిన ఆలివ్ నూనె, ఇవన్నీ కమ్మని, మెత్తని రుచులు. ఆ భోజనానికి కావలసిన పులుపూ వగరూ గ్లాసులోంచి వస్తాయి. అక్కడ వైన్ చేసే పని మన ఇంట్లో చారూ మజ్జిగా చేసే పనికి దగ్గరగా ఉంటుందని గ్రహించిన తరువాతే, ఏ వంటకు ఏ వైన్ అన్న ప్రశ్న నాకు సులువైంది.

ఆ జత కుదరడానికి కారణం పొలంలోనే ఉంది. టస్కనీలో శతాబ్దాల పాటు సాగింది సగపాలు కౌలు పద్ధతి. దానిని వారు మెజ్జద్రీయా అంటారు. భూమి యజమానిది, కష్టం రైతు కుటుంబానిది, పంటలో సగం యజమానికి వెళ్లిపోయేది. 1964లో వచ్చిన చట్టం అటువంటి కొత్త ఒప్పందాలను నిషేధించింది. మా ఇంటి పెద్దాయన బాల్యం ఆ పద్ధతి కిందనే గడిచింది. ఆ రోజుల్లో ద్రాక్షకు వేరే తోట ఉండేది కాదని, వరుసగా నాటిన మేపుల్ చెట్ల మీదికి తీగలను పాకించి, ఆ వరుసల మధ్య గోధుమ విత్తేవారని, ఆలివ్ చెట్లు కూడా ఆ చేలోనే ఉండేవని ఆయన చెప్పేవారు. రొట్టె, నూనె, వైన్ మూడూ ఒకే చేను నుంచి ఒకే ఇంటికి వచ్చేవి. దేనికి ఏది జత అని ఎవరూ ఎంచవలసిన అవసరం రాలేదు.

ఇక వంటల్లో మొదట చెప్పవలసింది రిబొల్లీతా. ఆ మాటకు మళ్లీ మరిగించినది అని అర్థం. మా ఇంటావిడ శనివారమే దాని పని మొదలుపెట్టేవారు. ముందురోజు రాత్రి నానబెట్టిన కన్నెల్లీని అనే తెల్ల చిక్కుడు గింజలను సేజ్ ఆకులు, వెల్లుల్లి వేసి సన్నని సెగ మీద ఉడికించి, అందులో సగం మెత్తగా మెదిపేవారు. వేరే గిన్నెలో ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి ఆలివ్ నూనెలో తొందరపడకుండా మగ్గించడాన్ని సోఫ్రీత్తో అంటారు. మన తాలింపు నిమిషంలో ముగుస్తుంది, వారి సోఫ్రీత్తోకు ఇరవై నిమిషాలైనా పడుతుంది. తరువాత బంగాళాదుంప, క్యాబేజీ, కావొలో నేరో అనే ముదురాకుపచ్చ కేల్ ఆకు చేరతాయి. మంచు ఒకసారి తగిలితేనే ఆ ఆకుకు తీపి వస్తుందని, నవంబరుకు ముందు ఆమె దానిని కోసేవారు కాదు. చివరగా రెండు మూడు రోజుల నాటి గట్టి రొట్టె ముక్కలను పొరలుగా పేర్చి, ఈ పులుసును (పులుపు లేకపోయినా సూప్ అనే అర్థంలో ఈ మాట వాడుతున్నాను) వాటి మీద పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేసేవారు. మరునాడు మళ్లీ మరిగిస్తే అది చెంచా నిలబడేంత చిక్కగా తయారవుతుంది. పైన పచ్చి ఆలివ్ నూనె, పక్కన పచ్చి ఉల్లిపాయ చీలికలు పెట్టేవారు. చేపల పులుసు మరునాటికి రుచి తేరుతుందని తెలిసిన మనకు ఈ వంటలోని ఓపికను వివరించవలసిన పని లేదు.

దీనితో ఆ ఇంట్లో తాగినది పేరున్న సీసా కాదు. దగ్గరి రైతుల సహకార సంఘం వారి గిడ్డంగిలో, పెట్రోలు బంకులో లాగా గొట్టంతో పట్టి పోసే ఎర్ర వైన్‌ను పెద్దాయన తెచ్చుకుని, నేలమాళిగలో 54 లీటర్ల గాజు బుడ్డిలో నిలవ చేసేవారు. సాంజొవేసే అనే ద్రాక్షతో చేసిన లేత వైన్ అది. టస్కనీలోనే తయారయ్యే పేరున్న కియాంతీ వైన్లకు కూడా ఆ ద్రాక్షే ఆధారం. ఇప్పుడు కియాంతీ పాత కేంద్ర ప్రాంతపు వైన్ అయిన కియాంతీ క్లాసికోలో అది కనీసం 80 శాతం ఉండాలి. 1872లో బెత్తీనో రికాసోలీ అనే జమీందారు ఆ వైన్ కూర్పును గురించి రాసిన లేఖలో, నిలవ చేయకుండా రోజూ భోజనంతో తాగే వైన్‌ను తేలికపరచడానికి మల్వసీయా అనే తెల్ల ద్రాక్షను కలపవచ్చని సూచించాడు. అంటే రోజువారీ కంచానికి వేరు, దాచిపెట్టుకునే సీసాకు వేరు అన్న తెలివిడి ఆ ప్రాంతంలో నూటయాభై ఏళ్ల నాడే స్పష్టంగా ఉంది.

ఆ తెలివిడి నాకు లేకపోవడం వల్ల ఒక పొరపాటు చేశాను. మొదటి సంవత్సరం చలికాలంలో, కృతజ్ఞతగా ఏదైనా ఇవ్వాలన్న తపనతో, నా స్థాయికి మించిన ధర పెట్టి మొంతల్చీనో ఊరి ప్రసిద్ధ ఎర్ర వైన్ అయిన బ్రునెల్లో ది మొంతల్చీనో సీసా ఒకటి కొని ఆదివారం భోజనానికి తీసుకువెళ్లాను. అది కూడా నూటికి నూరుపాళ్లు సాంజొవేసేతో చేసేదే. అయితే దానిని కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో ఉంచాలి. 2020లో కోసిన ద్రాక్షతో చేసిన బ్రునెల్లో 2025 జనవరి 1కి ముందు అమ్మకానికి రాకూడదన్నంత కట్టుదిట్టమైన నియమాలు ఉన్నాయి. ఆ రోజు బల్ల మీద రిబొల్లీతా ఉంది. పెద్దాయన సీసా తెరిచి, అందరికీ పోసి, ఒక గుక్క తాగి ఎంతో మర్యాదగా మెచ్చుకున్నారు. రెండు చెంచాల తరువాత ఇంటావిడ నెమ్మదిగా లేచి, సీసాకు బిరడా పెట్టి, దీనికి మాంసం కావాలి నాయనా, వచ్చే ఆదివారం తాగుదాం అన్నారు. ఆమె చెప్పింది నిజమే. ఆ వైన్ ముందు పులుసు చప్పబడింది, ఆ పులుసుతో వైన్ నోటిని పిడచకట్టించింది. వారం తరువాత, ఎర్ర వైన్‌లో గంటల తరబడి ఉడికిన అడవిపంది మాంసంతో వారు ఆ సీసానే ఎంతో ఇష్టంగా ముగించారు. మాంసం తినని నేను అప్పుడు కూడా ముదిరిన గొర్రెపాల చీజ్ ముక్కతో ఒక గ్లాసు తాగి, మొదటిసారి దాని విలువ తెలుసుకున్నాను.

ఇందులో రహస్యమేమీ లేదు. ఎర్ర వైన్‌లో ఉండే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడం వల్ల నాలుక బిగుసుకుంటుంది. పచ్చి అరటికాయ కొరికినప్పుడూ నేరేడు పండు తిన్నప్పుడూ మనం వగరు అనేది దానినే. మాంసం, చీజ్, నూనె ఆ వగరును మింగేస్తాయి; కూరగాయల పులుసుకు అంత శక్తి లేదు. కాబట్టి వగరు తక్కువ, పులుపు తగినంత ఉన్న లేత వైన్ దానికి తగినది. బ్రునెల్లో తయారయ్యే మొంతల్చీనో ఊరి వైన్‌నే తాగాలనుకుంటే, అదే ద్రాక్షతో చేసి మరుసటి ఏడాదే బయటికి వచ్చే రొస్సో ది మొంతల్చీనో ఈ పులుసుతో చక్కగా కలుస్తుంది.

సియెనా వైపు వంటల్లో నాకు బాగా దగ్గరైనది పీచీ అనే పాస్తా. గుడ్డు కలపకుండా, గోధుమపిండిని నీళ్లతో తడిపి, వినాయక చవితికి పాలతాలికలు చేసినట్లుగా అరచేతి కింద దొర్లిస్తూ పొడవుగా తీస్తారు. మొదటిసారి నేను ఆ పని చేసినప్పుడు నా చేతివాటం చూసి ఇంటావిడ ఆశ్చర్యపోయారు. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదని చెప్పాను. రొట్టె పొడిని నూనెలో ఎర్రగా వేయించి పీచీ మీద చల్లుతారు. వాల్ ది కియానా లోయలో పండే పెద్ద వెల్లుల్లి, టమాటాలతో చేసిన కూరను కలిపితే అది పీచీ అల్లాల్యోనే అవుతుంది. ఇక్కడ మాత్రం కంచంలోనే పులుపు ఉంది కాబట్టి జాగ్రత్తపడాలి. వంటలోని పులుపు కంటే వైన్ పులుపు తక్కువైతే ఆ వైన్ నీళ్లలా అనిపిస్తుంది. టమాటాకు దీటుగా నిలిచే పులుపు సాంజొవేసేకు సహజంగానే ఉంది. సేజ్ ఆకుతో వండిన చిక్కుడు గింజలకు, లేత గొర్రెపాల చీజ్‌కు నేను తెల్లనిదైన వెర్నాచ్చా ది శాన్ జిమిన్యానోనే ఎంచుకుంటాను. 1966లో ఇటలీలో మొట్టమొదట నియంత్రిత ప్రాంతీయ గుర్తింపు పొందిన వైన్ అది. గొంతు దిగిన తరువాత బాదంపప్పులోని సన్నని చేదు మిగులుతుంది.

టస్కనీకి దక్షిణాన ఉన్న మరెమ్మా ప్రాంతంలో పశువుల కాపర్ల వంటకమైన అక్వాకోత్తా ఉంది. పేరుకు కాచిన నీళ్లు అనే అర్థం. ఉల్లిపాయ, సెలరీ, కాస్త టమాటా, అడుగున ఎండు రొట్టె, పైన ఒక గుడ్డు, అంతే. దానితో ఆ నేలలో పండే మొరెల్లీనో ది స్కాన్సానో అనే ఎర్ర వైన్ తాగుతారు.

ఉత్తరాదికి వెళితే మొక్కజొన్న పిండితో చేసే పోలెంతా మన సంకటికి తోబుట్టువులాంటిది. దాని గురించి మాట్లాడేటప్పుడు ఒక బాధాకరమైన విషయాన్ని దాటవేయలేను. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న వచ్చింది కానీ, దానిని సున్నపు నీటిలో ఉడికించి, అందులోని నియాసిన్ అనే బి విటమిన్ శరీరానికి అందేలా చేసే అక్కడి ప్రజల పద్ధతి వెంట రాలేదు. పోలెంతా తప్ప మరేమీ దొరకని పేద రైతులు నియాసిన్ లోపం వల్ల పెల్లాగ్రా వ్యాధితో మరణించారు. ఆ జబ్బు పేరు కూడా ఉత్తర ఇటలీ రైతుల మాటే. గరుకెక్కిన చర్మం అని భావం. జొన్నలే ప్రధానాహారమైన మన దక్కను పల్లెల్లోనూ ఈ జబ్బు ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో దాని గురించి ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఇప్పుడు పోలెంతాను పుట్టగొడుగులతో, కరిగిన చీజ్‌తో తింటారు. దానికి పియెమొంతే ప్రాంతపు బార్బేరా అనే ఎర్ర వైన్ బాగుంటుంది. బార్బేరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ.

మీరు శాకాహారులైతే ఒక హెచ్చరిక. పులుసు మొత్తం కూరగాయలతోనే కనిపించినా సోఫ్రీత్తోలో పంది కొవ్వు ముక్కలు వేసే అలవాటు ఉంది. మాంసం లేదు కదా అని మాత్రమే అడిగితే కొందరు దానిని లెక్కలోకి తీసుకోరు. పంది కొవ్వు, ఎముకల రసం లేవు కదా అని విడిగా అడగాలి. పార్మిజానో చీజ్‌ను దూడ జీర్ణాశయం నుంచి తీసిన రెన్నెట్‌తోనే తోడుపెడతారు. కొన్ని వైన్లను గుడ్డు తెల్లసొనతో గానీ జెలటిన్‌తో గానీ తేటపరుస్తారు కాబట్టి, ఆ పట్టింపు ఉన్నవారు సీసా మీద వేగన్ అన్న గుర్తును చూసుకోవాలి.

కారం విషయంలో నా మాట నమ్మండి. ఒక పండుగనాడు ఎండుమిరపకాయలు దండిగా వేసి పప్పు, వంకాయ కూర వండి వారికి పెట్టాను. ఎర్ర వైన్ గుక్క పడగానే కారం రెట్టింపై ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. మద్యంలోని వేడి, టానిన్ల వగరు రెండూ కారాన్ని రెచ్చగొడతాయి. మన ఊరగాయ పక్కన పెట్టుకుని కియాంతీ తాగితే రెండూ పాడవుతాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో మొదటిసారి ప్రయత్నించేవారికి రిబొల్లీతానే సూచిస్తాను. కన్నెల్లీని దొరకకపోతే దిగులు పడకండి. కన్నెల్లీని కూడా అమెరికా నుంచి వచ్చిన జాతే. అంతకుముందు ఇటలీ రైతు తిన్నది మన బొబ్బర్ల వంటి గింజనే. అన్నీబలే కర్రాచ్చీ 1580లలో చిత్రించిన, చిక్కుడు గింజలు తింటున్న పల్లెటూరి మనిషి బొమ్మ రోమ్‌లోని కొలొన్నా భవనంలో ఉంది. ఆ గిన్నెలో ఉన్నవి నల్లచుక్క బొబ్బర్లే. పక్కన రొట్టె, ఉల్లికాడలు, వైన్ గ్లాసు కనిపిస్తాయి. కావొలో నేరోకు బదులు క్యాబేజీ, ముదురు తోటకూర వాడండి. బచ్చలి జిగురు వస్తుంది కాబట్టి వద్దు. తీపి వేసిన మెత్తని బ్రెడ్ పనికిరాదు. గట్టి గోధుమ రొట్టెను రెండు రోజులు ఆరబెట్టి వాడండి. సాంజొవేసే ద్రాక్షను మహారాష్ట్రలోని అక్లూజ్ ప్రాంతంలో కూడా పండిస్తున్నారు కాబట్టి, దిగుమతి సీసా ధర భారమనిపిస్తే దానిని వెతకవచ్చు. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చల్లని రాతి ఇళ్లలో పుట్టింది. మన ముప్పై డిగ్రీల గదికి అది వర్తించదు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, పదహారు డిగ్రీల ప్రాంతానికి చల్లబడ్డాక పోయండి. వైన్ తాగనివారు పచ్చి ఉల్లిపాయ చీలికలను కాసేపు వెనిగర్‌లో నానబెట్టి పక్కన పెట్టుకుంటే, గ్లాసు చేయవలసిన పని చాలావరకు అవి చేస్తాయి. మా ఇంటావిడ వైద్యుల సలహాతో వైన్ మానేసిన చివరి నెలల్లో అలాగే తినేవారు.