సొంతంగా దెబ్బ తిన్నవారు ట్రామా సైకాలజీ చదవవచ్చా?

మీరు డిగ్రీ పూర్తి చేశారనీ, రెండేళ్ల క్రితం ఇంట్లో జరిగిన మరణం నుంచి ఇంకా తేరుకోలేదనీ, ఈ స్థితిలో ఎం.ఏ. సైకాలజీలో చేరి ట్రామాను, అంటే ఘోరమైన సంఘటనలు మనసుకు చేసే గాయాన్ని, ప్రత్యేకంగా చదవడం మంచిదేనా అనీ అడిగారు. చదవవచ్చు. నేనూ అలాంటి స్థితిలోనే చేరాను. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాన్నగారు నడుపుతున్న స్కూటర్‌ను లారీ గుద్దింది. వెనుక కూర్చున్న నేను బతికాను, ఆయన బతకలేదు. ఎం.ఏ.లో చేరేనాటికి నాలుగేళ్లు గడిచినా లారీ హారన్ వినిపిస్తే నా అరచేతులు చెమర్చేవి. ఆ లక్షణం గురించి తరగతిలో పాఠం చెప్పిన రోజున, ఇన్నాళ్లూ నా పిరికితనం అనుకున్నది అపాయాన్ని మరిచిపోలేని శరీరం చేస్తున్న పని అని తెలిసి, ఎంతో ఊరట కలిగింది. కాబట్టి మీ దుఃఖం మీ చదువుకు అడ్డు వస్తుందని నేను అనుకోను. నేను భయపడేది మరొక విషయం గురించి: ఈ చదువు మనకు ఇచ్చే కొలతలు కొన్నిసార్లు మన చెవులను మూసేస్తాయి. నా విషయంలో అదే జరిగింది.

2016లో ఎం.ఏ. ప్రాజెక్టు కోసం దివిసీమ వెళ్లాను. మా అమ్మమ్మది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయిన ప్రాంతం అది. ఆ పక్క పల్లెల్లో ఇప్పటికీ మనుషుల వయసు చెప్పేటప్పుడు ఉప్పెనకు ముందు పుట్టాడా, తరువాత పుట్టాడా అని లెక్క వేస్తారు. అంతటి విపత్తును చూసినవారిలో దాదాపు నలభై ఏళ్ల తరువాత ఏ ప్రభావం మిగిలిందో తెలుసుకోవడం నా ప్రాజెక్టు ఉద్దేశం. నా చేతిలో ఉన్నది ప్రపంచమంతటా వాడే ఒక ప్రశ్నావళి. అందులో 22 వాక్యాలు ఉంటాయి. గడిచిన 7 రోజుల్లో ఒక్కొక్కటీ ఎంతగా బాధించిందో 0 నుంచి 4 వరకు అంకె వేయాలి. మేము నలుగురం విద్యార్థులం కూర్చుని దాన్ని తెలుగులోకి మార్చుకున్నాం.

నాగాయలంక దాటాక ఒక ఊళ్లో డెబ్భై ఏళ్లు పైబడిన ఒక పెద్దావిడ వాకిట్లో చేపలు ఎండబెట్టుకుంటూ, కాకులను తోలడానికి పక్కన కర్ర పెట్టుకుని కూర్చున్నారు. ఆమె చేతుల మీదుగా నీళ్లు లాక్కుపోయిన కొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. నేను వరుసగా చదువుకుంటూ పోయాను. "మామ్మగారూ, ఈ వారంలో ఆ సంఘటన గురించి పీడకలలు వచ్చాయా?" అన్న ప్రశ్న దగ్గర ఆమె చేతిలో చేపను పక్కన పెట్టి నా వైపు చూశారు.

"పీడకలేంటే అమ్మాయ్? మా పిల్లోడు కల్లోకొస్తే పీడకలంటావా? ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తాడు. అప్పుడూ నాలుగేళ్లే, ఇప్పుడూ నాలుగేళ్లే. చేపలో ముల్లు తీసి పెట్టమంటాడు. రాకపోతేనే నాకు దిగులు, దారి మరిచిపోయాడేమోనని."

ఆ కాగితంలోని వాక్యాల్లో మరొకటి, దాని గురించి ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నించారా అన్నది. "నేను గాక వాణ్ని తలుచుకునేవాళ్లు ఎవరున్నారు?" అన్నారామె. గాలివాన వస్తే భయం వేస్తుందా అని అడిగితే, తనకు భయం లేదనీ, ఉన్నది బెంగ అనీ చెప్పారు. శవాలను గుర్తుపట్టే వీలు లేక అందరినీ కలిపి పూడ్చేశారనీ, పిల్లవాడు ఎక్కడున్నాడో తెలిస్తే అక్కడ ఒక దీపం పెట్టేదాన్ననీ అన్నారు. ఆమెను నలభై ఏళ్లుగా తొలిచేస్తున్న ఆ ఒక్క మాటకు నా కాగితం మీద గడి లేదు. కల దగ్గర నేను 1 వేశాను, తక్కిన గడుల్లో ఎక్కువగా 0 వేశాను. మొత్తం కూడితే ఎంతో తక్కువ వచ్చింది. నా ప్రాజెక్టులో ఆమె "ప్రభావం లేనివారు" అన్న పట్టికలోకి వెళ్లారు. మా గైడుగారికి ఈ సంభాషణ అంతా చెబితే, అంకెగా మారనిది ప్రాజెక్టు చివర చేర్చే అనుబంధంలో కూడా అక్కర్లేదని కొట్టివేశారు. నేను ఎదురు చెప్పలేదు. ఆ ప్రాజెక్టుకు నాకు మంచి మార్కులే వచ్చాయి, కానీ ఆ పట్టికను తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

తరువాత ఆ ప్రశ్నావళి ఇంగ్లీషు మూలాన్ని మళ్లీ తీసి చూశాను. అందులో ఉన్నది "దాని గురించి కలలు వచ్చాయి" అని మాత్రమే. పీడ అన్న మాటను చేర్చింది మేమే. అయితే మూలంలోనూ కలకు అంకె పెరిగితే బాధ పెరిగినట్టే లెక్క. బిడ్డ కలలోకి రావడం ఒక తల్లికి ఓదార్పు కావచ్చునన్న ఊహకు అందులోనూ చోటు లేదు. భయాన్ని కొలవడానికి చేసిన సాధనంతో బెంగను కొలవబోయాం. బెంగ అన్న మాటకు సరితూగే పదం ఆ శాస్త్రంలో ఉందని నాకు ఇప్పటికీ అనిపించదు.

ఈ శాస్త్రం ఎవరి బాధ నుంచి పుట్టిందో తెలిస్తే దీనికి కారణం అర్థమవుతుంది. 1860లలో ఇంగ్లండులో రైలు ప్రమాదాల నుంచి బయటపడినవారిని చూసిన వైద్యులతో మొదలై, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోతకు కుప్పకూలిన సైనికుల మీదుగా, వియత్నాం నుంచి తిరిగివచ్చిన అమెరికన్ల ఒత్తిడితో 1980లో పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తరువాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి రుగ్మత) అన్న పేరు అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ణయ గ్రంథంలోకి ఎక్కింది. అంటే ఉప్పెన వచ్చిన నాటికి ఆ పేరే లేదు. హఠాత్తుగా మీద పడి, మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వచ్చే భయమే దాని నడుమ ఉంటుంది. లారీ ప్రమాదం నుంచి బయటపడిన నాలాంటివారికి అది చక్కగా సరిపోతుంది, అందుకే నాకు ఊరట ఇచ్చింది. ఆ పెద్దావిడకు సరిపోలేదు. మన ఇళ్లలో పిల్లవాడు దడుచుకున్నాడంటారు, దడుపు జ్వరమంటారు, బెంగపెట్టుకుందంటారు, కడుపుకోత అంటారు. ఇవన్నీ ఒకటి కావని నిరక్షరాస్యులకు కూడా తెలుసు. రెండేళ్ల చదువులో ఈ మాటల్లో ఒక్కటీ మా పాఠాల్లో వినిపించలేదు.

ఇంకొక బాధ కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు వారాంతపు కోర్సు చేసి, చేతికి వచ్చిన సర్టిఫికెట్టుతో ట్రామా థెరపిస్టునని బోర్డు పెట్టుకునేవారు పెరిగారు. ఎం.ఏ. చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది అక్కడ నమోదు కావాలి. అవేవీ లేకుండా బోర్డు పెట్టుకున్నవారిలో కొందరు విపత్తు జరిగిన మర్నాడే వెళ్లి, అంతా చెప్పుకుంటే తేలికపడతారంటూ జనాన్ని తవ్వుతారు. అలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ తగ్గదని పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకం కూడా బలవంతంగా చెప్పించవద్దనీ, తిండి, నీడ, తమవారి ఆచూకీ ముందు చూడమనీ చెబుతుంది. ఆ తల్లి అడిగిందీ ఆచూకీనే.

మీ విషయానికి వస్తే, చేరే ముందు ఆ విభాగానికి వెళ్లి రెండు సంగతులు కనుక్కోండి. ఇతరుల బాధ వినివిని విద్యార్థి కుంగిపోయినప్పుడు వారానికొకసారైనా కూర్చోబెట్టి మాట్లాడే అధ్యాపకులు అక్కడ ఉన్నారా అన్నది మొదటిది. మా దగ్గర లేరు; నాగాయలంక నుంచి వచ్చాక పది రోజులు నిద్రపట్టక, చివరికి ఒక సీనియర్ అక్క గదిలో పడుకున్నాను. క్షేత్ర పరిశోధనలో మనిషి తెలుగులో చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకుని, దాన్నే ఆధారంగా పరీక్షకుల ముందు పెట్టనిస్తారా అన్నది రెండవది. రెండింటిలో మొదటిది లేకపోతే మాత్రం, ఈ ఏడాది ఆగి మీ దుఃఖాన్ని వినగల మనిషిని ముందు వెతుక్కోమనే చెబుతాను. రెండవది లేకపోతే చేరి పోట్లాడండి, నేను పోట్లాడలేదు.