మొదటి మస్కీ ఎలా దొరుకుతుంది? నాకు దొరికింది పడవ పక్కనే

మీరు అడిగింది ఇది: అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపోలిస్‌కు కొత్తగా వచ్చారు, ఊళ్లో చెరువు గట్టున కొర్రమీనుకు గాలం వేసిన అలవాటుంది, ఇప్పుడు ఇక్కడి సరస్సుల్లో ఉండే మస్కీ అనే పెద్ద చేపను పట్టాలని ఉంది. "పదివేల సార్లు విసిరితే గానీ ఒకటి పడదు" అని అందరూ భయపెడుతున్నారు, అది నిజమేనా, ఏమేం కొనాలి అని.

పదివేల మాట ఇక్కడ అందరి నోటా వినిపించేదే, దాన్ని లెక్కగా తీసుకోకండి. మస్కీ పెద్ద వేట చేప, ఒక్కో సరస్సులో తక్కువగానే ఉంటుంది, అంతవరకు నిజం. కానీ కొత్తవాళ్లకు మొదటి చేప పడకపోవడానికి నేను చూసిన అసలు కారణం వేరే. ఎర వెనకే మస్కీ పడవ దాకా వస్తుంది, ఒక్క క్షణం చూస్తుంది, వెనక్కి పోతుంది. ఇక్కడ దీన్ని ఫాలో అంటారు. చాలామంది ఎర పడవ దగ్గరికి రాగానే పైకి లాగేసి మళ్లీ విసురుతారు. సరిగ్గా అక్కడే చేప పోతుంది. అందుకే పడవ పక్కనున్న ఆ చివరి నాలుగడుగుల నీళ్ల గురించే ఎక్కువ చెబుతాను.

ఎర దగ్గరికొచ్చాక లీడర్ (ఎరకు ముందు కట్టే గట్టి ముక్క) రాడ్ కొసకు, అంటే గాలం కర్ర చివరకు, జానెడు దూరంలో ఉండగానే రీల్ (దారం చుట్టే చక్రం) తిప్పడం ఆపండి. రాడ్ కొసను నీళ్లలోకి ముంచి, ఎరను ఆపకుండా పెద్ద 8 గీయండి. దీన్నే ఫిగర్ ఎయిట్ అంటారు. బండి లైసెన్సు కోసం ఆర్టీఓ ఆఫీసులో 8 వేసినట్టే, మలుపు ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. చేప ఒళ్లు పొడుగు, ఇరుకు మలుపులో తిరగలేక ఎరను వదిలేస్తుంది. మలుపులో ఎరను కాస్త లోతుకు దించి, తిరిగాక వేగం పెంచండి. చేప కనబడినా కనబడకపోయినా విసిరిన ప్రతిసారీ ఇలా చేయాలి, ఎందుకంటే లోతులో వెనకే వస్తున్నది చాలాసార్లు మనకు కనిపించదు.

నాకు మొదటిది అలాగే పడింది. లేక్ మిన్నెటోంకాలో, పొద్దు గూకే వేళ, మా వీధిలో ఉండే ఒక పెద్దాయన పడవలో ఉన్నాం. నీటి మొక్కల అంచు వెంబడి బక్‌టెయిల్ (వెంట్రుకల కుచ్చు, లోహపు రేకులు ఉన్న ఎర) విసురుతున్నాను. రెండు పెద్ద రేకులు గిరగిరా తిరుగుతూ వస్తుంటే ఆ దడదడ రాడ్ పిడి దాకా తెలుస్తుంది. 8 మొదలుపెట్టాక ఎర వెనక ఆకుపచ్చ గోధుమరంగులో పొడుగాటి నీడ ఒకటి కనిపించింది. నా చేతులు బిగుసుకుపోయాయి. "ఆపకు, ఆపకు" అని పెద్దాయన గట్టిగా అంటున్నారు. మొదటి మలుపులో అది వెంట తిరిగింది. రెండో మలుపులో మొప్పలు విచ్చుకున్నాయి, నోటి లోపలి తెలుపు మొత్తం కనబడింది, రేకుల దడ ఒక్కసారిగా ఆగిపోయింది. అది లాగడం తర్వాత తెలిసింది, ముందు తెలిసింది ఆ ఆగిపోవడమే. చేప వెళ్తున్న దిక్కుకు ఎదురుగా రాడ్‌ను పక్కకు గట్టిగా లాగాను. తల విదిలించింది, నీళ్లు ముఖాన కొట్టాయి, పెద్దాయన నెట్ కిందికి పెట్టారు. కొలిస్తే 41 అంగుళాలు. మస్కీల్లో అది మామూలు సైజే, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కొర్రమీను విషయం. మొక్కల చాటున మాటు వేసి ఒక్క దూకులో అందుకునే గుణం రెండింటిదీ ఒకటే, కాబట్టి ఎక్కడ విసరాలో మీకు సగం తెలిసినట్టే. తేడా పట్టిన తర్వాత వస్తుంది. కొర్రమీను గాలి పీల్చుకోగలదు, తడిగా ఉంచితే నీళ్లు లేకుండా గంటల తరబడి బతుకుతుంది. మస్కీ అలా కాదు. కుస్తీ పట్టి అలిసిపోయిన చేపను గాలిలో ఎక్కువసేపు ఉంచితే, వదిలాక ఈదుకుంటూ పోయినా తర్వాత చచ్చిపోవచ్చు. యాభై అంగుళాలు ఎదగడానికి దానికి పదేళ్ల పైనే పడుతుంది. పైగా మిన్నెటోంకాలో ఉన్నవి సహజంగా అక్కడివి కావు, రాష్ట్ర సహజ వనరుల శాఖ, అంటే డీఎన్ఆర్, పిల్లల్ని వదిలి పెంచినవి. మిన్నెసోటాలో 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోవడం నిషిద్ధం. ఆ పైది దొరికినా ఇక్కడ దాదాపు అందరూ వదిలేస్తారు. 2022లో ఈ రాష్ట్రంలోనే ఉన్న మిల్ లాక్స్ అనే పెద్ద సరస్సులో పడిన 58.25 అంగుళాల చేపను కూడా నీళ్లలోకే వదిలారు, పట్టి వదిలిన వాటిలో అప్పటికి అది రాష్ట్ర రికార్డు.

అందుకే షాపులో ముందు కొనాల్సింది ఎర కాదు. రబ్బరు పూత ఉన్న పెద్ద నెట్, పొడుగు ముక్కు పటకారు, గాలం ముళ్లను తుంచే గట్టి కట్టర్, ఈ మూడూ లేకుండా నీళ్ల మీదికి వెళ్లకండి. ముల్లు లోతుగా దిగితే పీకవద్దు, కట్టర్‌తో తుంచేయండి. ముల్లు పోతే పోయింది. ఆ పని అంతా చేప నెట్‌లో, నెట్ నీళ్లలో ఉండగానే చేయాలి. ఫోటోకు కెమెరా రెడీ అయ్యాకే చేపను ఎత్తండి, రెండు చేతులతో అడ్డంగా, పొట్ట కింద ఆసరా ఇచ్చి. నీటి వేడి 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వస్తే మస్కీ జోలికే పోవద్దు. ఆ వేడిలో ఎంత జాగ్రత్తగా వదిలినా బతకడం కష్టం.

మిగతా సామాను గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అడుగుల హెవీ రాడ్ (పొడుగు రాడ్ అయితేనే 8 వెడల్పుగా వస్తుంది), 80 పౌండ్ల బరువు ఓర్చే బ్రెయిడ్ లైను (అల్లిన దారం), పళ్లకు తెగకుండా 100 పౌండ్లకు తగ్గని లీడర్. ఎరల్లో ఒక బక్‌టెయిల్, నీటి పైన తేలుతూ చప్పుడు చేసేది ఒకటి, మొదటి సీజన్‌కు చాలు. ఎరల మీద డబ్బు తగలేయడం చాలా తేలిక, ఆ డబ్బు నెట్‌కు పెట్టండి.

సీజన్ జూన్ మొదటి శనివారం మొదలై డిసెంబర్ 1 దాకా ఉంటుంది. లైసెన్స్ తప్పనిసరి. ఆ ఏటి నిబంధనల పుస్తకం డీఎన్ఆర్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఒకసారి చూసుకోండి. మిల్ లాక్స్‌లో పెద్ద చేపలున్నా అది సముద్రంలా విశాలం, గాలి లేస్తే చిన్న పడవకు ప్రమాదం. మీకు దగ్గరలో మిన్నెటోంకా ఉంది, అక్కడే మొదలుపెట్టండి. వేసవిలో పగలంతా పడవల హడావిడి కాబట్టి తెల్లవారుజామున గానీ, సాయంత్రం చీకటి పడే ముందు గానీ వెళ్లండి.

ఒక మాట, మధ్యలో నార్తర్న్ పైక్ అనే చేపలు చాలా పడతాయి, మస్కీకి చూడ్డానికి దగ్గర పోలిక. ముదురు ఒంటి మీద లేత మచ్చలుంటే పైక్. లేత ఒంటి మీద ముదురు చారలో మచ్చలో ఉంటే మస్కీ. అనుమానంగా ఉంటే కింది దవడ అడుగున చిన్న రంధ్రాలు లెక్కపెట్టండి: ఒక్కో పక్క ఐదు, అంతకు తక్కువైతే పైక్, ఆరు, ఆ పైన అయితే మస్కీ.

మీకు పడవ ఉందా, ఒడ్డు నుంచే వేస్తారా? అది చెబితే ఏ చోట నిలబడాలో కూడా రాస్తాను.