నాటిన జుట్టు నిలుస్తుంది, దాని పక్కన ఉన్నది?

ఈ సంచికలో పాఠకుల ప్రశ్నలకు చర్మవ్యాధుల వైద్యుల సమాధానాలు. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 25. మూడేళ్లుగా నుదుటికి రెండు వైపులా జుట్టు వెనక్కి జరుగుతోంది. నడినెత్తిన కూడా పలచబడుతోందని అనుమానంగా ఉంది. మా నాన్నగారికి, మేనమామకు పూర్తి బట్టతల. ఒక క్లినిక్‌లో చూపించుకుంటే 3500 గ్రాఫ్టులు వేసి, పదిహేడేళ్లప్పుడు ఉన్న నుదుటి అంచును మళ్లీ తెప్పిస్తామన్నారు. మందులేవీ అక్కర్లేదని కూడా చెప్పారు. నెలాఖరులోగా నిర్ణయం చెప్పమంటున్నారు. చేయించుకోవచ్చా డాక్టర్ గారూ?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది మందులు అక్కర్లేదన్న మాట. దాని తర్వాతది నెలాఖరు గడువు. జుట్టు మార్పిడి ప్రాణాపాయంలో చేసే ఆపరేషన్ కాదు, దానికి గడువు పెట్టవలసిన వైద్య కారణమేదీ ఉండదు.

టెస్టోస్టిరాన్ నుంచి శరీరంలో తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోనుకు, వారసత్వం వల్ల లొంగిపోయే గుణమున్న కుదుళ్లు ఏటికేడు కుంచించుకుపోతాయి. వాటి నుంచి వచ్చే వెంట్రుక ప్రతి విడతకూ మరికాస్త సన్నబడి, పొట్టిదై, చివరికి నూగులా మిగులుతుంది. తల వెనక భాగంలోనూ, చెవుల పైభాగంలోనూ ఉండే కుదుళ్ల మీద ఆ హార్మోను ప్రభావం చాలా తక్కువ. అక్కడి చర్మాన్ని కొద్దిగా తీసి బట్టతల మీద నాటినా అందులోని వెంట్రుకలు తమ పాత స్వభావాన్ని వదులుకోవని నార్మన్ ఓరెన్‌ట్రైచ్ అనే అమెరికన్ చర్మవైద్యుడు 1959లో ప్రచురించిన పరిశీలన మీదే ఈ శస్త్రచికిత్స అంతా నిలబడి ఉంది. అయితే అది నాటిన వెంట్రుకకు మాత్రమే వర్తించే హామీ. దాని పక్కనే ఉన్న మీ సొంత వెంట్రుక ఏ దారిన పోవాలో ఆ దారిన పోతూనే ఉంటుంది, ఆపరేషన్ దాన్ని ఆపదు.

ఇక లెక్క చూద్దాం. ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు కలిసి ఉండే సహజమైన గుత్తిని గ్రాఫ్ట్ అంటారు, సగటున రెండు వెంట్రుకలు ఉంటాయనుకోవచ్చు. తల వెనక భాగం నారుమడి లాంటిది, కానీ ఈ మడిలో నారు తీసిన చోట మళ్లీ మొలవదు. చాలామంది పురుషులలో జీవితకాలం మొత్తానికి అక్కడి నుంచి పైకి తెలియకుండా తీయగలిగేది ఐదు నుంచి ఏడు వేల గ్రాఫ్టులు. మీకు 6000 ఉన్నాయనే అనుకుందాం. నుదుటి వైపు సుమారు 70 చదరపు సెంటీమీటర్ల మేర, చదరపు సెంటీమీటరుకు 50 చొప్పున నాటితే 3500 అక్కడే అయిపోతాయి. మీ నాన్నగారి తల మీకు కూడా వస్తే బట్టతల విస్తీర్ణం 200 చదరపు సెంటీమీటర్లకు చేరడం వింతేమీ కాదు. అప్పుడు మిగిలిన 130 చదరపు సెంటీమీటర్లకు 2500 గ్రాఫ్టులే దిక్కు, అంటే చదరపు సెంటీమీటరుకు 19. బట్టతల రాని తలలో ఆ సంఖ్య 65 నుంచి 85 దాకా ఉంటుంది. ముందు దట్టంగా, వెనక బోసిగా ఉండే ఆ తలను ఏ దువ్వెనా దాచలేదు.

నుదుటి అంచు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పదిహేడేళ్ల కుర్రవాడి అంచుకూ, పెద్దవాడైన మగవాడి అంచుకూ సహజంగానే తేడా ఉంటుంది, బట్టతల రానివారిలో కూడా అది సెంటీమీటరో ఒకటిన్నరో పైకి జరుగుతుంది. మీరు అద్దం ముందు నిలబడి కనుబొమలు పైకెత్తి చూడండి. నుదుటి మీద పడే అన్నిటికంటే పై ముడతను ఆనుకునేలా పెన్సిలుతో కొత్త అంచు గీసేవారిని నమ్మకండి. కనుబొమల మధ్య నుంచి ఏడెనిమిది సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, కణతల దగ్గర కొంత లోపలికి వంపు వదిలి గీసిన అంచు యాభై ఏళ్ల ముఖానికి కూడా నప్పుతుంది. ఆ గీతను ఒక్క సెంటీమీటరు కిందికి దించినందుకు అయ్యే ఖర్చు కూడా తక్కువేమీ కాదు: పదిహేను సెంటీమీటర్ల వెడల్పుకు, 40 చొప్పున వేసినా, ఆరు వందల గ్రాఫ్టులు. దుప్పటి ఉన్నంతే కాళ్లు చాపుకోవాలన్న సామెత ఈ ఆపరేషన్ కోసమే పుట్టిందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మరి ఇప్పుడు చేయవలసింది ఏమిటంటే, ముందుగా చర్మవైద్యుల దగ్గర ట్రైకోస్కోపుతో, అంటే వెంట్రుకలను పెద్దవి చేసి చూపే పరికరంతో, తలంతా పరీక్ష చేయించుకోండి. చూడవలసింది ముందు భాగాన్ని మాత్రమే కాదు, వెనక భాగాన్ని కూడా. దాదాపు ఒకే మందంతో ఉండవలసిన అక్కడి వెంట్రుకలలో లావువాటి నడుమ సన్నవి ఎక్కువగా కలిసి కనిపిస్తే ఆ నారుమడినే నమ్మడానికి లేదు. ఐదింట ఒక వంతుకు మించి సన్నబడి ఉంటే నేనైతే ఆపరేషన్ మాట ఎత్తను. బట్టతల మేనమామ పోలికేనని చాలామంది అనుకుంటారు కానీ తల్లి వైపు, తండ్రి వైపు రెండూ చూడాలి. మీకు రెండు వైపులా ఉంది కాబట్టి హామిల్టన్ 1951లో రూపొందించగా నార్‌వుడ్ 1975లో సవరించిన, బట్టతల ఎంతవరకు వచ్చిందో చెప్పే ఏడు దశల పట్టికలో మీరు చివరి దశల దాకా వెళ్తారన్న అంచనాతోనే ప్రణాళిక వేసుకోవడం మేలు. అంతదూరం వెళ్లకపోతే మంచిదే, గ్రాఫ్టులు మిగులుతాయి.

ఆ తర్వాత మందులు. ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము రోజూ వేసుకుంటే డీహెచ్‌టీ తయారీ తగ్గుతుంది. అమెరికాలో పురుషుల బట్టతలకు దీన్ని 1997లో అనుమతించారు. కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు, దిగులు కనిపిస్తాయి. కొందరు మాత్ర ఆపిన తర్వాత కూడా ఆ బాధలు కొనసాగాయని చెప్పారు కాబట్టి ఈ విషయాలు డాక్టరుతో మొహమాటం లేకుండా మాట్లాడిన తర్వాతే మొదలుపెట్టాలి. తలకు రాసుకునే మినాక్సిడిల్ మొదటి వారాలలో జుట్టును మరింత రాల్చవచ్చు, అది చూసి భయపడి మానేసేవారు ఉంటారు. రెండింటి ఫలితాన్నీ కనీసం ఏడాది వాడి గాని తేల్చలేము, మానేస్తే నిలబెట్టుకున్నది కూడా కొన్ని నెలలలో పోతుంది. ఏడాది తర్వాత రాలడం నిలకడకు వచ్చిందో లేదో తెలిస్తే, అప్పుడు నుదుటి భాగాన్ని మితంగా నాటించుకునే ఆలోచన చేయవచ్చు. నడినెత్తిన సుడి జోలికి మాత్రం అన్నిటికంటే చివర వెళ్లాలి. అక్కడ వెంట్రుకలు గుండ్రంగా తిరిగి విడిపోతాయి కాబట్టి ఎన్ని వేసినా పలచగానే కనిపిస్తుంది. పైగా చుట్టూ ఉన్న జుట్టు తర్వాత రాలిపోతే నాటింది మధ్యలో ద్వీపంలా మిగులుతుంది.

ప్రశ్న: నాకు 24 ఏళ్లప్పుడు నుదుటి వైపు జుట్టు నాటించుకున్నాను. మొదట చాలా బాగుండేది. ఇప్పుడు 37. నాటినది అలాగే ఉంది, దాని వెనక జుట్టు మొత్తం పోయింది. ముందు నుంచి చూస్తే పర్వాలేదు కానీ పక్క నుంచి చూస్తే నుదుటి మీద చిన్న గట్టు కట్టినట్టు ఉంటుంది. వెనక జుట్టు పొట్టిగా కత్తిరిస్తే తెల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. రెండోసారి చేయించుకోవాలా? లేక గుండు చేయించుకుని మరిచిపోవాలా?

జవాబు: పై ప్రశ్న అడిగిన యువకుడు మీ ఉత్తరం కూడా చదవాలని పక్కపక్కనే వేయమని సంపాదకులను కోరాను. మీ ఆపరేషన్ విఫలం కాలేదు, నాటినది నాటినట్టే నిలిచింది, లోపం ప్రణాళికలో జరిగింది. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలు తీసి నాటిన పాతకాలంలో ఇదే ఇబ్బంది బొమ్మకు గుచ్చిన కుచ్చుల్లా పైకి కొట్టొచ్చినట్టు కనిపించేది. పద్ధతి సున్నితమైంది గానీ రాబోయే బట్టతలను లెక్కలోకి తీసుకోకపోవడం అనే పొరపాటు మాత్రం పాతదే.

తెల్లటి చుక్కలను బట్టి మీకు కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈ పద్ధతిలో చేశారని తెలుస్తోంది. చర్మాన్ని సన్నటి పట్టీగా కోసి కుట్టే ఎఫ్‌యూటీలో అయితే అడ్డంగా ఒక గీత మిగిలేది. ఈ తేడా ఇప్పుడు మీకు ముఖ్యం, ఎందుకంటే ఎఫ్‌యూఈలో ఎక్కువ తీసినా, సురక్షితమైన మేర దాటి పైనుంచీ కిందనుంచీ తీసినా వెనక భాగం చిమ్మెటలు కొరికినట్టు కనిపిస్తుంది. అటువంటి చోట్ల తీసిన కుదుళ్లు కూడా ఏదో ఒకనాటికి బట్టతలలో కలిసిపోవచ్చు. కాబట్టి రెండోసారి చేస్తామన్నవారిని ముందు అడగవలసిన ప్రశ్న ఎన్ని వేస్తారని కాదు, వెనక ఎన్ని మిగిలాయని. సెంటీమీటరు కొలత పెట్టి నాలుగైదు చోట్ల లెక్కించి, వెంట్రుక మందం చూసి చెప్పాలి. చేత్తో తడిమి చెబితే సరిపోదు.

గ్రాఫ్టులు చెప్పుకోదగినన్ని మిగిలి ఉంటే, గట్టు వెనక భాగాన్ని దట్టంగా నింపాలనే ఆశ వదిలి, ముందు నుంచి వెనక్కి క్రమంగా పలచబడేలా వేయించుకోవచ్చు. సుడిని అలాగే వదిలేయాలి, ఆ వయసు మగవారికి సుడి దగ్గర పలచగా ఉండటం చూసేవారికి ఎబ్బెట్టుగా అనిపించదు. ముందరి అంచు మరీ కిందికి ఉంటే అందులోంచి కొన్ని కుదుళ్లను తీసి వెనకకు మార్చడం కూడా సాధ్యమే, కొందరికి అదే మంచి పరిష్కారం. గడ్డం వెంట్రుకలు ముతకగా ఉంటాయి కాబట్టి అంచుకు పనికిరావు, తల మధ్యలో ఒత్తు పెంచడానికి ఉపయోగపడతాయి. గుండు మాటకొస్తే, తెల్లటి చుక్కలు, నాటిన చోటి చర్మపు తీరు బయటపడతాయి. వాటిని మరుగుపరచడానికి పచ్చబొట్టులా చిన్న చుక్కలు వేసే స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ అనే పద్ధతి ఉంది. ముందు రెండు మిల్లీమీటర్ల పొడవుకు కత్తిరించి వారం పాటు చూసుకోండి, నచ్చకపోతే మళ్లీ పెరుగుతుంది. ఏ దారి ఎంచుకున్నా చెవుల పైన మిగిలిన సొంత జుట్టును కాపాడుకోవడానికి మందుల గురించి డాక్టరుతో మాట్లాడండి. ఫినాస్టెరైడ్ మొదలుపెడితే అది ప్రోస్టేట్‌కు చేసే పీఎస్ఏ రక్తపరీక్షలో అంకెను దాదాపు సగానికి తగ్గిస్తుందని, ఎప్పుడు ఆ పరీక్ష చేయించుకున్నా డాక్టరుకు చెప్పాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఆపరేషన్ జరిగి నాలుగు నెలలు అయింది. నాటినవన్నీ నెలకే రాలిపోయాయి. పక్కనున్న నా సొంత జుట్టు కూడా పలచబడింది. మోసపోయానా?

జవాబు: నాలుగు నెలలకు ఆ తీర్పు ఇవ్వకూడదు. నాటిన వెంట్రుక రెండు నుంచి ఆరు వారాలలో రాలిపోవడం మామూలే, కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు సన్నటి మొలకలు మొదలవుతాయి, ఆరు నెలలకు సగం తెలుస్తుంది, అసలు ఫలితం ఏడాదికి. సుడి దగ్గరైతే ఏడాదిన్నర కూడా పట్టవచ్చు. పక్క జుట్టు రాలడాన్ని షాక్ లాస్ అంటారు. అందులో బలంగా ఉన్నవి తిరిగి వస్తాయి, అప్పటికే కుంచించుకుపోతూ ఉన్నవి కొన్ని రాకపోవచ్చు.

ఈలోగా మీరు చేయగల ఉపయోగకరమైన పని నెలకొకసారి ఫోటోలు తీయడం. ఒకే గదిలో, ఒకే దీపం కింద, ఒకే పొడవు జుట్టుతో, ఒకసారి పొడిగా ఉన్నప్పుడు, ఒకసారి తడిపి వెనక్కి దువ్వి, ముందు నుంచీ పైనుంచీ వెనక నుంచీ తీయండి. తడి జుట్టు అబద్ధం చెప్పదు. క్లినిక్కులు చూపే 'ముందు, తర్వాత' ఫోటోలను కూడా ఇదే కంటితో చూడాలి. ముందుది నెత్తి మీద లైటు పడేలా తీసి, తర్వాతది పక్క వెలుతురులో జుట్టు ముందుకు దువ్వి తీస్తే, ఒక్క గ్రాఫ్ట్ వేయకపోయినా తేడా కనిపిస్తుంది. వెనక భాగం ఫోటో లేని ఫలితాన్ని నేను సగం ఫలితంగానే లెక్కిస్తాను. మీకు వేసినవి ఎన్ని గ్రాఫ్టులు, వాటిలో ఒంటి వెంట్రుకవి ఎన్ని, రెండువి ఎన్ని, మూడువి ఎన్ని అన్న లెక్క ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మూడు వెంట్రుకల గుత్తిని ముక్కలు చేసి మూడు గ్రాఫ్టులుగా లెక్కగట్టడం జరగని పని కాదు. పన్నెండో నెల ఫోటోలను మొదటి వాటి పక్కన పెట్టి చూసినప్పుడు ఆ కాగితం కూడా మీ చేతిలో ఉండాలి.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. పాపిట వెడల్పవుతోంది. ఆమెకు కూడా జుట్టు నాటించవచ్చా?

జవాబు: ముందు రక్తహీనత, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. స్త్రీలలో చాలాసార్లు తలంతా పలచబడుతుంది కాబట్టి వెనక భాగం కూడా బలహీనంగా ఉండి, తీసి నాటినా ప్రయోజనం దక్కదు. నుదుటి అంచు వెనక్కి జరిగి, అక్కడి చర్మం నున్నగా మెరుస్తూ, కనుబొమలు కూడా రాలుతున్నట్టయితే అది మచ్చ మిగిల్చే జాతి జబ్బు కావచ్చు. జబ్బు చురుకుగా ఉండగా నాటితే నాటినవి కూడా పోతాయి. అలాంటి అనుమానం ఉంటే బయాప్సీ చేయించాలి, నాటే ఆలోచన జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చి చాలాకాలం నిలకడగా ఉన్న తర్వాతే.