ప్రాణవాయువే ప్రాణం తీస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నాడు. గాలి సిలిండరు అనుకొని ఆక్సిజన్ సిలిండరుతో లోతుకు దిగిన ఒక డైవర్ చనిపోయాడని వాడు ఫోన్లో చెప్పినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. ఆక్సిజన్ మనిషిని ఎలా చంపుతుంది?
– ఒక పాఠకురాలు, కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ అమ్మగారి భయం అర్థం లేనిది కాదమ్మా. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక బార్ (ఒడ్డున మన మీద ఉండే గాలి ఒత్తిడి దాదాపు ఇంతే) చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కనుక, 30 మీటర్ల లోతున పీల్చే వాయువు ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలవుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి అక్కడ దాని వంతు ఒత్తిడి 0.84 బార్ మాత్రమే. స్వచ్ఛమైన ఆక్సిజన్ అయితే అది 4 బార్లకు చేరుతుంది. ఆక్సిజన్ వంతు ఒత్తిడికి డైవర్లు సాధారణంగా పాటించే హద్దు 1.4 బార్, పైకి వస్తూ ఆగి విశ్రాంతిగా ఉన్నప్పుడు 1.6 బార్. అందుకే స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 6 మీటర్ల కంటే లోతున పీల్చరు.

హద్దు దాటితే మెదడుపై విషప్రభావం పడుతుంది. పెదవులు అదరడం, చెవుల్లో హోరు వంటి సూచనలు ఒక్కోసారి కనిపించినా, ఏ హెచ్చరికా లేకుండానే మూర్ఛ రావచ్చు. ఒడ్డున మూర్ఛ వచ్చిన మనిషి తేరుకుంటాడు. నీటిలో మౌత్‌పీస్ నోటి నుంచి జారిపోయి మునిగిపోతాడు.

ఆక్సిజన్‌కు రంగూ వాసనా లేవు కాబట్టి పీల్చి పోల్చుకోవడం అసాధ్యం. సిలిండరు మెడ దగ్గర అంటించే టేపు మీద ఆక్సిజన్ శాతం, దిగదగిన గరిష్ఠ లోతు, కొలిచిన తేదీ రాస్తారు. పాత టేపు పీకకుండా కొత్త వాయువు నింపడమే నన్ను ఎక్కువగా భయపెట్టే పొరపాటు. ఎవరు నింపినా సరే, దిగే ముందు ఎనలైజరుతో (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) తానే కొలుచుకొమ్మని తమ్ముడికి ఈ రోజే చెప్పండి.